ఆ పుస్తకం ఏ గుర్రాన్ని చూసి రాశారు?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా దగ్గర ఒక మార్వాడీ ఆడగుర్రం ఉంది. జీను వేసిన ప్రతిసారీ మూపు దగ్గర ఒరుసుకుని పుండు పడుతోంది. కింద మందపాటి గుడ్డ వేశాం, ఇంకా ఎక్కువైంది. ఇంగ్లీషు పుస్తకం తెప్పిస్తే అందులో 14.2 అనీ, 17 అంగుళాల జీను అనీ అంకెలున్నాయి. ఏది దేని కొలతో తెలియడం లేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు అంకెల సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో గుర్రం ఎత్తును ‘హ్యాండ్’లలో చెప్తారు. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14.2 అంటే 14 హ్యాండ్‌ల మీద 2 అంగుళాలు. మొత్తం 58 అంగుళాలు, అంటే దాదాపు 147 సెంటీమీటర్లు. చుక్క తర్వాత 3 దాటి అంకె రాదు. ఎక్కడైనా 14.5 అని కనిపిస్తే అది రాసినవాళ్లకు లెక్క తెలియకపోవడమే. కొలిచేది తలవరకు కాదు, నేల నుంచి మూపువరకు.

ఇక 17 అంగుళాలు జీనులో కూర్చునే చోటి పొడవు. అది రౌతుకు సంబంధించిన కొలత, గుర్రానిది కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గుర్రానికి సరిపోవలసింది జీను లోపలి చట్రం వెడల్పు, దాని వంపు. మార్వాడీ గుర్రాలకు మూపు ఎత్తుగా, వీపు సన్నగా ఉండటం మామూలు. వెడల్పు వీపున్న గుర్రాలకు చేసిన చట్రం వాటిమీద ముందువైపు కుంగి మూపుమీద కూర్చుంటుంది.

పుండు ఎక్కడ పడిందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. మూపు నడినెత్తిన పడితే చట్రం వెడల్పు ఎక్కువ. మూపుకు రెండు పక్కలా, కాస్త కిందుగా పడితే చట్రం ఇరుకు, దాని కొనలు గుచ్చుకుంటున్నాయి. వెనకవైపు నడుం దగ్గర పడితే జీను పొడవు ఎక్కువైనా కావాలి, అడుగున మధ్యలో ఆనకుండా ముందూ వెనకా మాత్రమే ఆనుతున్నా కావాలి. చట్రం ఇరుకైనప్పుడు గుడ్డ మందం పెంచితే, బిగుతు చెప్పులో దళసరి మేజోళ్లు తొడిగినట్టే.

పుండు మానేదాకా జీను వేయకండి. మానాక ఇలా చూడండి. గుడ్డ లేకుండా ఉత్త జీనును మూపుమీద కాస్త ముందుగా పెట్టి, అది తనంతట ఆగేదాకా వెనక్కి జరపండి. దాని ముందుకొన భుజం ఎముక వెనక అంచుకు రెండు మూడు వేళ్లు వెనకగా ఉండాలి. తంగు (పొట్ట కింది పట్టీ) బిగించి, మనిషి ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. మనిషి ఎక్కకముందు చూసిన సందు లెక్కలోకి రాదు. వెనక నిలబడి చూస్తే వెన్నెముక మీదుగా మొదలు నుంచి చివరిదాకా వెలుతురు కనిపించాలి. ఆ కాలువ మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి. చివరి పక్కటెముకను వేలితో పైకి తడుముకుంటూ వెళ్లండి. జీను ఆ గీత దాటి వెనక్కి పోకూడదు.

అరగంట స్వారీ తర్వాత జీను తీసి చెమట చూడండి. చుట్టూ తడిగా ఉండి మధ్యలో ఎండు మచ్చ ఉంటే అక్కడ నొక్కుడు ఉందని అనుమానించాలి. ఆనకపోయినా ఎండుగానే ఉంటుంది కాబట్టి చెయ్యిపెట్టి నొక్కి చూడండి. నొక్కితే గుర్రం వీపు దించేస్తుంది. చాన్నాళ్లు నొక్కుడు పడ్డ చోట వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. గుర్రం కొనేటప్పుడు మూపుకు రెండు పక్కలా తెల్లమచ్చలుంటే అవి పుట్టుమచ్చలని అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి.

కొత్త జీను చేయించాలంటే గుర్రాన్ని దుకాణానికి తీసుకుపోనక్కర్లేదు. వంచితే వంగి అలాగే నిలిచే మందపాటి రాగి తీగతో మూపు వెనక ఒకసారి, దానికి 8 సెంటీమీటర్ల వెనక మరోసారి, ఇంకో 8 వెనక మూడోసారి వీపు వంపు తీసుకోండి. ప్రతిసారీ అట్టమీద పెట్టి గీసి తేదీ వేయండి. ఆ అట్టలే కుట్టేవాడికి చాలు. గుర్రం చిక్కినా బలిసినా వంపు మారుతుంది, ఏడాదికి రెండుసార్లైనా మళ్లీ తీయాలి.

ఈ విషయంలో ఒక్క పుస్తకం చెప్పమంటే ఎల్విన్ హార్ట్‌లీ ఎడ్వర్డ్స్ 1963లో రాసిన ‘సాడ్లరీ’. జీను భాగాలు, కళ్ళెం రకాలు ఒక్కొక్కటీ విప్పి చూపిస్తుంది. ఇప్పటి కొత్త సరుకు అందులో ఉండదు, కానీ ఏ భాగం ఎందుకుందో తెలిశాక కొత్తదాన్ని అంచనా కట్టడం కష్టం కాదు.

ప్రశ్న: మన అశ్వశాస్త్రాల్లో పళ్లు చూసి వయసు చెప్పే పద్ధతి ఉందంటారు. అది నిజంగా పనిచేస్తుందా, లేక గొప్పకు చెప్పుకునేదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మొదటి ఐదేళ్లకు అచ్చంగా పనిచేస్తుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో అశ్వలక్షణం చెప్తూ దీన్ని ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. ఆరు తెల్లపళ్లుంటే పిల్ల, అవి ఎర్రబారితే రెండేళ్లది. నడిమి జత రాలి మళ్లీ మొలిస్తే మూడేళ్లు, దాని పక్క జతకు నాలుగు, చివరి జతకు ఐదు. ఈనాటి పశువైద్య పుస్తకం తెరవండి. శాశ్వత పళ్లు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు మొలుస్తాయనీ, ఎదిగి అరగడం మొదలయ్యేసరికి మూడు, నాలుగు, ఐదు నిండుతాయనీ ఉంటుంది. ఏమీ తేడా లేదు.

ఆ తర్వాత ఆయన మూడేసి ఏళ్లకొక గుర్తు పెట్టాడు: నలుపు, పసుపు, తెలుపు, గాజు వన్నె, తేనె వన్నె, శంఖం వన్నె, గుంట, కదలడం, రాలడం. ఐదు మీద తొమ్మిది మూళ్లు ఇరవైయేడు కలిపితే 32. బృహజ్జాతకంలో గుర్రానికి ఆయనే చెప్పిన పరమాయువు కూడా 32. అంటే ఈ రెండో సగంలో కొంత చూసి రాసింది, కొంత లెక్కకు సరిపెట్టింది అని మా అనుమానం. రంగును నమ్ముకుని పన్నెండేళ్లా పదిహేనేళ్లా అని తేల్చలేం.

ఇప్పటి పద్ధతిలో కింది పళ్ల పైనుండే నల్లటి గుంటలు చూస్తారు. నడిమి జతలో సుమారు ఆరేళ్లకు, పక్క జతలో ఏడుకు, చివరి జతలో ఎనిమిదికి అవి అరిగిపోతాయి. తర్వాత పైదవడ చివరి పంటిమీద నిలువు గాడి ఒకటి చిగురు దగ్గర పదేళ్లకు కనిపించి, పదిహేనుకు సగం దిగి, ఇరవైకి కిందిదాకా వస్తుందంటారు. దీన్ని కూడా రెండు మూడేళ్ల తేడాతోనే తీసుకోవాలి. ఇసుకనేలల్లో మేసిన గుర్రానికి పళ్లు తొందరగా అరుగుతాయి. పైగా ముసలి గుర్రం పంట్లో గుంట తొలిచి నల్లరంగు పెట్టి అమ్మే మోసం ఇంగ్లండులోనూ ఉండేది. అసలు గుంట చుట్టూ తెల్లటి గట్టి అంచు ఉంటుంది, తొలిచిన దానికి ఉండదు.

చూసేటప్పుడు ఎదురుగా నిలబడకండి. పక్కన నిలబడి పెదవులు మాత్రం విడదీస్తే చాలు.

చదవాలంటే, తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం నకులుడి పేరిట ఉన్న అశ్వశాస్త్రాన్ని 1952లో బొమ్మలతో అచ్చువేసింది. విరాటుడి కొలువులో దామగ్రంథిగా గుర్రాలు కాచిన నకులుడే మరి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ పద్యాలున్నాయి. గుర్రాల డాక్టరును సాలోత్రి అనడం కూడా ప్రాచీన అశ్వవైద్యుడు శాలిహోత్రుడి పేరునుంచి వచ్చిందే.

ప్రశ్న: సుడులు చూసి గుర్రం కొనాలా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మంచిచెడ్డలకు వద్దు, గుర్తుకు తప్పక చూడండి. సుడులు పుట్టినప్పటి నుంచి మారవు. అందుకే విదేశాల్లో గుర్రానికిచ్చే పాస్‌పోర్టులో సుడులన్నీ బొమ్మమీద గుర్తు వేస్తారు. గొంతుమీది ‘దేవమణి’ సుడికి ధర ఎక్కువ పెట్టేముందు నాలుగు డెక్కలూ ఎత్తి చూడండి. గ్రీకు సేనాని జెనొఫోన్ క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే ఈ మాట రాశాడు: పునాది బాగాలేని ఇల్లెంత పనికొస్తుందో, పాదాలు బాగాలేని గుర్రమూ అంతేనని.

ప్రశ్న: ఇటుకబట్టీకి మట్టి మోసే గాడిదలు నాలుగున్నాయి. గుర్రాల వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. రెండూ ఒక జాతే కదా, అదే వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఒక కుటుంబమే గాని ఒక జంతువు కాదు. ఆ పుస్తకం మీకు ఎక్కడ నష్టం చేస్తుందో చెప్తాం.

మొదటిది జ్వరం. పెద్ద గుర్రానికి 38 డిగ్రీల సెల్సియస్ మామూలే. గాడిద సగటు 37.1. అంటే గుర్రం పుస్తకం చూసి ‘ఏం లేదు’ అనుకున్న 38, గాడిదకు జ్వరం. నాడి కూడా అంతే, గాడిదకు నిమిషానికి సగటున 44 ఉంటుంది. అది గుర్రానికైతే పైహద్దు.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మేత మానడం. గుర్రానికి కడుపునొప్పి వస్తే పడి దొర్లుతుంది, మీకు తెలుస్తుంది. గాడిద దొర్లదు. తలవంచుకుని ఊరికే నిలబడుతుంది. ‘మొండికేసింది’ అని వదిలేస్తాం. అది తినడం మానేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి నెత్తురులోకి పోటెత్తుతుంది, కాలేయం దెబ్బతింటుంది. నెత్తురు తీస్తే పైన తేరిన నీరు పాలలా కనిపిస్తుంది. బలిసిన గాడిదకూ చూలు గాడిదకూ ఈ ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి ఒకపూట మేత ముట్టకపోతే రేపు చూద్దామనకుండా అదేరోజు పశువైద్యుణ్ణి పిలవండి.

మూడోది బరువు, మందు మోతాదు. గుర్రానికి ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, ఒంటి పొడవుతో గుణించి, 11,900తో భాగిస్తే (అన్నీ సెంటీమీటర్లలో) కిలోలు వస్తాయి. గాడిద ఒంటి తీరు వేరు, ఈ లెక్క దానికి సరిపడదు. గాడిదలకు వేరే కొలపట్టిక ఉంది. కొన్ని నొప్పిమందులు గాడిద ఒంట్లో గుర్రంలో కంటే తొందరగా ఖర్చైపోతాయి కూడా. అందుకని గుర్రం మోతాదును బరువు తగ్గించి వేయడం సరికాదు.

డెక్క సంగతి. గాడిద డెక్క గుర్రం డెక్క కంటే నిటారుగా ఉంటుంది. లాడాలు వేసేవాడు గుర్రం వాలుకు తెచ్చేలా చెక్కితే మడమ పోయి నడక పాడవుతుంది.

మేత మాత్రం మీకు చవక. 120 కిలోల గాడిదకు రోజుకు ఎండుమేత లెక్కన రెండు కిలోలు, అటూఇటుగా చాలు. జొన్నచొప్ప ప్రధానంగా పెట్టొచ్చు, బూజు ఉండకూడదు. బరువు వేసే గంతకు వెన్నెముక మీద కాలువ ఉండాలి, రెండు పక్కలా దిండ్లు పక్కటెముకల మీద ఆనాలి. గోనెను అడ్డంగా మడిచి వీపుమీద పరిస్తే బరువంతా వెన్నుపూసల మీదే పడుతుంది. వీపు మధ్య పుళ్లు పడేది అందుకే. రెండు సంచులూ ఒకే బరువు ఉండాలి, ఒకేసారి దించాలి.

పుస్తకం కావాలంటే ఇంగ్లండులోని డాంకీ శాంక్చువరీ వారి ‘క్లినికల్ కంపానియన్ ఆఫ్ ద డాంకీ’ (2018) ఉచితంగా దొరుకుతుంది. మీ ఊరి డాక్టరు దగ్గర లేకపోతే ఒక ప్రతి అచ్చు తీసి ఇవ్వండి. బ్రూక్ సంస్థ 2011లో తెచ్చిన ‘షేరింగ్ ద లోడ్’ పనిజంతువుల యజమానులు కలిసి ఏంచేయొచ్చో చెప్తుంది. మన దేశపు అనుభవం అందులో చాలా ఉంది. దేశంలో గాడిదలు 2012 నుంచి 2019 పశుగణనకు 3.2 లక్షల నుంచి 1.2 లక్షలకు పడిపోయాయి. వాటికోసం తెలుగులో ఎవరైనా పుస్తకం రాసేలోపు రాయడానికి గాడిదలు మిగులుతాయో లేదో.

ప్రశ్న: హేస్ రాసిన పాత గుర్రపు వైద్యం పుస్తకం నెట్‌లో ఉచితంగా ఉంది. మేత, మందులు దాని ప్రకారం ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: హోరెస్ హేస్ మన దేశంలో పనిచేసిన సైనికాధికారి. ఆయన ‘వెటరినరీ నోట్స్ ఫర్ హార్స్ ఓనర్స్’ మొదట 1877లో వచ్చింది. దాన్ని తిరగరాస్తూ 2002 నాటికి 18వ ముద్రణ తెచ్చారు. ఉచితంగా దొరికేవి మొదటి రోజులవి. గుర్రం కాళ్లు, నడక చూడటానికి ఇప్పటికీ చదవొచ్చు. మందుల పేజీలు మాత్రం మూసేయండి, ఆ కాలపు వైద్యంలో పాదరసం, ఆర్సెనిక్ మామూలు సరుకు.

మేతలో ఇంగ్లీషు పుస్తకాలు ఓట్స్ ధాన్యం అంటాయి, మనకు ఉలవలున్నాయి. నానబెట్టి ఉడికించి చల్లార్చి పెట్టండి. కొత్త దాణా ఏదైనా 7 నుంచి 10 రోజుల్లో కొద్దికొద్దిగా పెంచాలి, ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి ఖాయం. తవుడు విషయంలో జాగ్రత్త. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి తవుడే పెడితే ఎముకల్లోని కాల్షియం లాగేసుకుని దవడలు ఉబ్బుతాయి, గుర్రం కుంటుతుంది. మొత్తం మేతలో కాల్షియం భాస్వరం కంటే తగ్గకూడదు.

ప్రశ్న: ప్రపంచంలో మొదటి గుర్రపు పుస్తకం సంస్కృతంలో ఉందని చదివాను. నిజమేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: సంస్కృతంలో లేదు, దొరికినవాటిలో పాతది హిట్టైట్ అనే ప్రాచీన భాషలో ఉంది. మూడు వేల ఏళ్ల కిందటే మట్టిపలకల మీద రాశారు, టర్కీలో బొగాజ్‌కొయ్ దగ్గర దొరికాయి. చెప్పినవాడు మిటాన్ని దేశపు కిక్కులి. రథపు గుర్రాలకు రోజుకింత పరుగు, ఇంత మేత, ఇన్ని స్నానాలు అని నెలల తరబడి తర్ఫీదు అందులో ఉంది. మీరు విన్న మాటకు మూలం అందులోని పదాలు. చుట్టు తిప్పడానికి ఐక వర్తన్న, పంజ వర్తన్న, సత్త వర్తన్న అని ఉంటాయి. ఏక, పంచ, సప్త తెలిసిన మనకు అర్థం చెప్పక్కర్లేదు. స్వారీ గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

ప్రశ్న: మా పన్నెండేళ్ల అమ్మాయి స్వారీ నేర్చుకుంటోంది. ఏ పుస్తకం కొనాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: బ్రిటన్‌లో పోనీ క్లబ్ 1950 నుంచి వేస్తున్న ‘మాన్యువల్ ఆఫ్ హార్స్‌మన్‌షిప్’ పిల్లలకు బాగుంటుంది, కొత్త ముద్రణ చూసి కొనండి. పాత ముద్రణల బొమ్మల్లో గడ్డం కింద పట్టీ లేని టోపీలు కనిపిస్తాయి, అవి చూసి నేర్చుకోకూడదు. హెల్మెట్‌కు పట్టీ ఉండాలి, ఒకసారి దెబ్బ తగిలితే పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. రికాబు (పాదం పెట్టే ఇనుప కొండీ) బూటు అడుగు కంటే మొత్తంమీద అంగుళం వెడల్పుండాలి. తక్కువైతే పడినప్పుడు పాదం ఇరుక్కుంటుంది, మరీ ఎక్కువైతే పాదమంతా అవతలికి దూరిపోతుంది. ఆ బూటుకు అర అంగుళమైనా మడమ ఉండాలి. స్కూలుకు వేసుకెళ్లే స్పోర్ట్స్ షూస్‌తో ఎక్కించకండి.