దేవుడు మంచివాడని చెప్పబోయే ముందు

కర్నూలు

అమ్మీ,

వచ్చే నెల మొదటి ఆదివారం మన గుడిలో ప్రసంగం నువ్వే చెప్తున్నావని, అంశం 'దేవుని మంచితనం' అని మీ నాయన ఫోన్‌లో చెప్పినాడు. చర్చిలో వాక్యం బోధించే ఉపదేశిగా ఇన్నేళ్లు నేను నిలబడిన చోట మా తమ్ముడి బిడ్డ నిలబడుతుందంటే ఎంత సంతోషమో రాయలేను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నువ్వు తెలివైనదానివి, ఏది అడిగినా టక్కున జవాబు చెప్తావు. నా భయమంతా ఆ టక్కున వచ్చే జవాబు గురించే.

చిన్న సంగతులు ముందు. ఇరవై నిమిషాలు దాటొద్దు. వాక్యం నిదానంగా రెండుసార్లు చదువు. మైకు నోటికి ఆనించుకోవద్దు. లాటిన్ మాటలు హాస్టల్లోనే పెట్టి రా.

ఇక అసలు సంగతి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. నీళ్లు తీసినాక, దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల కూడిక పెట్టినారు. ఒక పెద్దమనిషి లేచి, "నీళ్లు మా వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయినాయి. మా ఇంట్లో చాప కూడా తడవలేదు. దేవుడు ఎంత మంచివాడో చూడండి" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ల వరుసలో ఒకామె ఒడిలో బైబిలు పెట్టుకుని కూర్చుంది. బురదలో నాని, ఎండకు అట్ట ఉబ్బిపోయి, కీర్తనల పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. వాటిని గోటితో విడదీస్తా ఉంది. ఆ ఆమెన్ విన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది. కుట్టుమిషను, బియ్యం, కొడుకు సర్టిఫికెట్లు, అన్నీ పోయినాయి ఆమెకు. మరుసటి ఆదివారం గుడికి రాలేదు. ఇంటికి పోతే, చేతిలో పార పక్కన పెట్టకుండానే అడిగింది: "అట్లయితే మా వీధికి ఆయన మంచోడు కాదా, ఉపదేశీ?"

ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాదమ్మీ. కృతజ్ఞత చెప్పుకోవడంలో తప్పు లేదు. తనకు కలిగిన మేలునే దేవుని మంచితనానికి రుజువుగా చూపించినాడు, అదే తప్పు. ఆ లెక్కన పక్కవీధి నష్టం దేనికి రుజువు? ఆమె అడిగింది పెద్ద పెద్ద క్రైస్తవ పండితులు అడిగిన ప్రశ్నే. నీ ప్రసంగం అక్కడ మొదలుకావాలని నా కోరిక.

మార్కు సువార్త 10:18 తీసుకున్నావంట, మంచి వాక్యం. దేవుడొక్కడే మంచివాడని యేసు ప్రభువు ఎందుకన్నాడు? పదమూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు అక్వినాస్ తన 'సుమ్మా' అనే గ్రంథం మొదటి భాగంలో, ఐదో ప్రశ్నలో మంచి అంటే ఏమిటో తేల్చుకుని, ఆరో ప్రశ్నలో దేవుని దగ్గరికి వస్తాడు. దేవుడు మంచిపనులు చేసి మంచివాడు కాలేదు, ఆయన స్వభావమే మంచితనం, మిగతావన్నీ ఆయన నుంచి పొందినంత మేరకే మంచివి అంటాడు. జనానికి చెప్పేటప్పుడు పొయ్యి గురించి చెప్పు. ఎసరు నీళ్లకు వేడినిచ్చింది నిప్పు, దించితే చల్లారిపోతాయి. నిప్పు వేడి మాత్రం ఇంకొకరిచ్చింది కాదు. యాకోబు పత్రికలో "ఆయనయందు ఏ చంచలత్వమైనను" ఉండదన్నది కూడా ఇదే. వీధి మలుపు దగ్గర నీళ్లు ఆగితే పెరిగి, ఆగకపోతే తరిగే మంచితనం కాదది. అందుకే ఇల్లు మునిగినామె కూడా ఆయన్నే పట్టుకుని నిలదీయవచ్చు. కీర్తనల్లో ఎన్నో అట్లాంటి మొరలే కదా.

చెడు అంటే మంచి లోపించడమేనని పాతకాలపు క్రైస్తవ బిషప్పు అగస్టీన్ అన్న మాట కూడా చెప్తావంట. జాగ్రత్త! 'చెడు అనేదే లేదు' అన్నట్టు వినిపించిందో, నేనే లేచి ఆపిస్తా. మనిషికి జింక వేగం, సింహం బలం లేకపోతే అది చెడు కాదు, కంటికి చూపు లేకపోతే చెడు అని అక్వినాస్ విడమరిచి చెప్పినాడు. ఉండాల్సింది లేకపోవడం. కుట్టుమిషను ఉండాల్సిన మూల ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో పూట గడవదు. అంత నిజమైనది ఆ లోటు. అగస్టీన్ కూడా సుఖంగా కూర్చుని రాసిన మనిషి కాదు. క్రీ.శ. 430లో వాండల్ తెగ సైన్యం ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణాన్ని చుట్టుముట్టి ఉండగా లోపలే చనిపోయినాడు.

గట్టిగా రాసినానని కన్నీళ్లు పెట్టుకోవద్దు తల్లీ. సండేస్కూల్లో వాక్యం మరిచిపోయి నా పంచె వెనక దాక్కున్న పిల్లవి, ఇప్పుడు ఊరందరికీ వాక్యం చెప్పబోతున్నావు. నీకు కాకపోతే ఇంకెవరికి చెప్తాను?

ఆమె మళ్లీ గుడికి వస్తా ఉంది, నీ ప్రసంగం కూడా వింటుంది. ఆమె వైపు చూసి మాత్రం ఈ సంగతి ఎత్తొద్దు. ఆరాధన అయినాక గుమ్మం దగ్గర నిలబడు. ఎవరైనా ఆగి ఏడిస్తే పక్కన కూర్చో, కారణాలు చెప్పొద్దు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరు మెదపకుండా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, చెడింది నోరు తెరిచినాకనే.

శనివారం మధ్యాహ్నానికే వచ్చేయ్. రాసుకున్నదంతా నాకు ఒకసారి చదివి వినిపించు. తీసేయమన్న చోట వాదించకుండా తీసేయాల.

మీ పెదనాయన