లండన్‌లో మ్యూజిక్ కండక్టర్ అవుతానంటావు సరే, జనవరిలో పన్ను కట్టగలవా?

తమ్ముడూ, మన తిరుపతివాడివని రాశావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. ఎస్వీ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నావు, గంగ జాతరకూ పెళ్ళిళ్ళకూ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నావు, ఇప్పుడు ఇక్కడికొచ్చి కాలేజీలో చేరి, మ్యూజికల్ థియేటర్‌లో, అంటే పాటలతో నడిచే నాటకాల్లో, ఆర్కెస్ట్రాను చేతి సైగలతో నడిపించే కండక్టర్ కావాలంటున్నావు. బాగుంది. మధ్యలో ప్రపంచమంతా పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా పేరెందుకు తెచ్చావో మాత్రం అర్థం కాలేదు. ఆయన తండ్రి మెహ్లీ మెహతా 1935లోనే బొంబాయిలో సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. కె.టి. రోడ్డులో పెరిగిన మనం ఆయనతో లెక్క వేసుకోకూడదు.

నేనూ ఇదే ఊపులో వచ్చాను. మా నాన్న చంద్రగిరి దగ్గరి మామిడి తోట మీద అప్పు తెచ్చి పంపాడు. దిగగానే ఆ డబ్బుతో నేను చేసిన ఘనకార్యం, ఒక నల్ల కోటూ కార్కు పిడి ఉన్న రెండు బ్యాటన్లూ, అంటే కండక్టర్ చేతిలో ఊపే సన్న పుల్లలు, కొనడం. గదిలో అద్దం ముందు నిలబడి గంటలకొద్దీ చేతులు ఊపేవాణ్ణి. ఓ మ్యూజికల్‌కు రిహార్సల్ పియానిస్టు కావాలంటే వెళ్ళాను. బ్యాటన్ సంచిలోంచి తీసే పనే పడలేదు. పియానో ముందు కూర్చోబెట్టి స్కోరు, అంటే స్వరాలు రాసిన పుస్తకం, పెట్టారు. పాడే అమ్మాయికి గొంతు పట్టేసిందట, శ్రుతి ఒక మెట్టు దించమన్నారు. మన ఊళ్ళో అయితే కీబోర్డు మీద శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేవాణ్ణి. అక్కడున్నది పాతకాలం పియానో. నాలుగు బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటివి) దాటేసరికి నేనొక దారి, ఆ అమ్మాయొక దారి. ఎంతో మర్యాదగా థ్యాంక్యూ చెప్పి తలుపు దాకా వచ్చి సాగనంపారు. మళ్ళీ పిలవలేదు.

థియేటర్‌లో కండక్టర్ అయ్యే దారి చాలావరకు పియానో మీదుగానే. ముందు రిహార్సల్ పియానిస్టు, తర్వాత అసిస్టెంట్, ఆపైన మ్యూజికల్ డైరెక్టర్, షో నడిపించే కండక్టర్ అతనే. చాలా షోల్లో ఒక చేత్తో కీబోర్డు వాయిస్తూ, తలతోనూ రెండో చేత్తోనూ బీటు ఇవ్వాలి. నీ ఎదురుగా చిన్న కెమెరా ఉంటుంది. స్టేజీ మీదివాళ్ళు బాల్కనీ అంచున పెట్టిన తెరలో నిన్ను చూసి పాట ఎత్తుకుంటారు.

మనవాళ్ళకు పనికొచ్చేది ఒకటుంది, వ్యాంప్ అంటారు. నటుడి మాట పూర్తయ్యేదాకా పాటకు ముందు ఒకే రెండు బార్లు తిప్పి తిప్పి వాయించి, ఆఖరి మాట పడగానే చేయి చూపి అందరినీ పాటలోకి లాక్కుపోవాలి. చిత్తూరు పద్య నాటకాల్లో హార్మోనిస్టు చేసేదీ ఇదే కదా. ఓ అమెచ్యూర్ నాటక సంఘంలో, వేళ్ళు కొంకర్లు పోయే చర్చి హాల్లో, హీరో డైలాగు మరిచిపోయి గుడ్లప్పగిస్తే నేను వ్యాంప్ తిప్పుతూ కూర్చున్నాను. జనానికి తెలియనే లేదు. ఆ మాట ఎవరి చెవినో పడి లండన్ పెద్ద థియేటర్లుండే వెస్ట్ ఎండ్‌లో డెప్ పని వచ్చింది, అంటే అసలు కండక్టర్ రాని రోజున నేను. అతని చేతుల వీడియో చూసి షో అంతా బట్టీ పట్టాలి. ఆర్కెస్ట్రాతో రిహార్సల్ ఉండదు, నేరుగా షోనే. ఆ టెన్షన్ ఇంకోసారి రాస్తాను.

డబ్బు సంగతి విను. వారానికి ఎనిమిది షోలు, మ్యుజీషియన్స్ యూనియన్ ఒప్పంద రేట్లు, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ షో మూతపడిందంటే మళ్ళీ ఫోను మోగేదాకా ఖాళీ. పైగా మనది ఎక్కువగా ఫ్రీలాన్స్ పని, పన్ను ముందే ఎవరూ కోయరు. మొదటి ఏడాది చేతికొచ్చిందంతా నాదే అనుకున్నాను. చెల్లి పెళ్ళికి పంపాను, ఖరీదైన కీబోర్డు కొన్నాను. జనవరి 31 వచ్చింది. అంతకుముందు ఏప్రిల్ 5తో ముగిసిన ఏడాదికి పన్ను కట్టడమే కాదు, తర్వాతి ఏడాదికి అందులో సగం ముందే కట్టాలన్నారు. మిగతా సగం జూలై 31కి. ఆ సగం సంగతి నేను కనుక్కోనే లేదు. కీబోర్డు అమ్మేసి, స్నేహితుడి సోఫా మీద పడుకుని, బ్యాలే క్లాసుల్లో పసిపిల్లల గంతులకు పియానో వాయించి గట్టెక్కాను. ఇప్పటి పిల్లలు అంత ఓర్చుకుంటారా అని నా అనుమానం. ఆనాటి నుంచి వచ్చిన ప్రతి పౌండులో మూడో వంతు వేరే ఖాతాలో పడుతుంది. దాని పిన్ నంబరు మా ఆవిడకు కూడా చెప్పలేదు.

వీసా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసుకో. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, స్టూడెంట్ వీసా మీద ఫ్రీలాన్స్ పనీ, డబ్బు తీసుకుని ప్రదర్శనలివ్వడమూ కుదరవు. కాబట్టి వాయిస్తూ ఫీజు కట్టేస్తానన్న నీ ఆలోచన కొట్టెయ్యి.

ఈలోగా సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయి పియానో నేర్చుకో. ట్రినిటీ కాలేజ్ లండన్‌వాళ్ళ సంగీత పరీక్షలు ఎనిమిదో గ్రేడు దాకా రాయి. ప్రతి పాటా మూడు శ్రుతుల్లో వాయించు, బటన్ జోలికి పోకుండా. నాన్నగారు ఇల్లు తాకట్టు పెడతామంటున్నారని రాశావు, ఆగమని చెప్పు. నువ్వు పంపిన ఖర్చుల పట్టికలో కాలేజీ ఫీజుంది, విమానం టికెట్టుంది. ఇంటద్దె అడ్వాన్సు లేదు, పని దొరకని నెలలకు పైసా లేదు. ఆ రెండూ కలిపి మళ్ళీ లెక్క వేసి పంపు, అప్పుడు కాలేజీల సంగతి మాట్లాడదాం.