ప్రూఫ్ మీద సంతకం పడందే ప్లేటు వేయకు

ప్రశ్న: అక్కా, మాది కదిరి. మూడేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ, ఫ్రీలాన్స్ పనులు దొరికే ఒక విదేశీ సైట్‌లో లోగోలు చేస్తున్నాను. పోయిన నెల ఒక బేకరీ ఆయన 40 డాలర్లకు లోగో ఆర్డరిచ్చాడు. నేను ఇస్తానన్నది రెండు మార్పులే, ఆయన తొమ్మిదిసార్లు మార్పించాడు. స్టార్లు తగ్గిస్తాడేమోనన్న భయంతో చేస్తూ పోయాను. తొమ్మిదోది రాత్రి రెండింటిదాకా కూర్చుని పూర్తి చేశాను. ఫైళ్లన్నీ పంపాక నచ్చలేదని ఆర్డరు రద్దు చేయించుకున్నాడు. సపోర్టుకు నాలుగుసార్లు రాస్తే నాలుగుసార్లూ ఒకటే జవాబు. ఇప్పుడు ఆయన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో నా లోగోనే ఉంది. రద్దు లెక్కలో పడినందుకు నాకు కొత్త ఆర్డర్లు రావడం లేదు. ఇంట్లోవాళ్లు ఉద్యోగం చూసుకోమంటున్నారు. మానేయాలా?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: అమ్మా, మానేసే మాట కాసేపు పక్కన పెట్టు. ఆ లోగో ఇప్పటికీ నీదే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. డబ్బు ముట్టాకే హక్కు కొన్నవాళ్లకు వెళ్తుందని, ఆర్డరు రద్దయితే వెళ్లదని చాలా సైట్ల నిబంధనల్లో ఉంటుంది. మీ సైట్‌లో ఆ వాక్యం ఎక్కడుందో వెతికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. తర్వాత ఆ బేకరీ ఆయనకు, సైట్ మెసేజ్ బాక్స్‌లోనే, మర్యాదగా రాయి: "ఆర్డరు రద్దయింది కాబట్టి ఈ లోగో వాడే హక్కు మీకు లేదు. మళ్లీ ఆర్డరిచ్చి డబ్బు కట్టండి, లేదంటే తీసేయండి." ఎంత కోపంగా ఉన్నా తిట్టకు. రేపు సపోర్టువాళ్లు చదివేది ఆ మెసేజే.

మూడు రోజులు చూసి ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపు. మొదటి స్కెచ్, లేయర్లున్న అసలు ఫైలు, ఆర్డరు రద్దయిన మెసేజ్ దగ్గర పెట్టుకో. నీ పేరు, ఈమెయిల్ అవతలివాళ్లకు వెళ్లే అవకాశం ఉంది, అందుకని ఇంటి ఈమెయిల్ కాకుండా పని కోసం వాడేది ఇవ్వు.

ఇక అసలు సంగతి. నేను ఈ పనిలోకి వచ్చింది కాటన్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా, అంటే అచ్చుకు వెళ్లేవి కంప్యూటర్లో టైపు చేసి పేర్చే పనికి. ఓనరు పెద్దాయన మనవాడే, చిత్తూరు వైపు. ప్రూఫ్ మీద, అంటే సరిచూసుకోమని కస్టమరుకిచ్చే నమూనా కాగితం మీద, సంతకం పడందే అచ్చు ప్లేటుకు పంపేవాడు కాదు, సొంత బావమరిదికైనా సరే. ఒకసారి పెళ్లి శుభలేఖలో పెళ్లికూతురి తాతగారి పేరులో వత్తు ఎగిరిపోయింది. 600 కార్డులు అచ్చయిపోయాయి. ఆమె తండ్రి కార్డుల కట్ట పట్టుకుని కేకలేస్తూ వచ్చాడు. పెద్దాయన ఎదురు మాట్లాడలేదు. డ్రాయరు లాగి ప్రూఫ్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. కింద ఆ తండ్రి సంతకం, తేదీ. వత్తు లేని ఆ పేరు పక్కనే, చూశానన్న గుర్తుగా, ఆయనే పెట్టిన పెన్సిల్ టిక్కు. ఆయన ఆ టిక్కును వేలితో తడుముతూ కాసేపు నిలబడి, తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. సగం ఖర్చు ఆయన పెట్టుకున్నాడు, సగం పెద్దాయన వదులుకున్నాడు. కార్డులు మళ్లీ వేశాం.

అంత చూసిన నేనే ఆన్‌లైన్‌కి వచ్చిన కొత్తలో, కస్టమరు మంచిగా మాట్లాడాడని మొదటి డిజైన్‌తోపాటే ఓపెన్ ఫైలు, అంటే ఎవరైనా మార్చుకోగల అసలు ఫైలు, పంపేశాను. 150 డాలర్లు పోయాయి. నీ బాధ నాకు కొత్త కాదు.

నీకూ ప్రూఫ్ కావాలి. పని మొదలుపెట్టకముందే మెసేజ్‌లో రాయి: రెండు మార్పులు ఈ ధరలోనే, మూడోది నుంచి ఒక్కోదానికి ఇంత. ఆయన "సరే" అన్నాకే పెన్ను పట్టు. చూపించే బొమ్మ చిన్న సైజులో, వాటర్‌మార్క్‌తో ఉండాలి. మూడో మార్పు అడిగిన క్షణంలోనే అదనపు ఆర్డరు పంపు, తొమ్మిదోదాకా ఆగకు. ఫోన్లో మాట్లాడినా, అయ్యాక "మీరు చెప్పింది ఇదే కదా" అని అక్కడే రాసి ఒప్పించుకో. "ఇదే ఫైనల్" అని ఆయన చేత్తో రాశాకే పెద్ద ఫైళ్లు, అన్నిటికన్నా చివర ఓపెన్ ఫైలు. ఇంత చేసినా రద్దు చేసేవాళ్లు ఉంటారు. కానీ సపోర్టుకు రాసేటప్పుడు "చాలా కష్టపడ్డానండీ" అనే బదులు ఆయన ఒప్పుకున్న ఆ మెసేజ్‌లు తేదీలతో పెట్టగలవు.

స్టార్ల భయం గురించి నీతో గట్టిగా చెప్పాలి. సైటు కమీషన్ 20 శాతం అనుకుంటే నీ 40లో చేతికొచ్చేది 32 డాలర్లు. అందులోంచి డబ్బు తీసుకునే ఫీజు, డాలరు మార్చేటప్పుడు పోయేది వేరే. దానికోసం రాత్రి రెండింటిదాకా కూర్చోవడం అన్యాయం తల్లీ. నేను ఒకసారి నాలుగో మార్పు ఉచితంగా చేయనన్నందుకు రెండు స్టార్లు వచ్చాయి. ఆరు వారాలు ఆర్డర్లు పడిపోయాయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు, నిజమే. ఏడో వారంలో పాత కస్టమరు ఒకామె మళ్లీ వచ్చింది, మెల్లగా కోలుకున్నాను.

ఒక్క సైట్ మీదే బతుకు పెట్టుకోకు. అలాగని సైట్‌లో దొరికినవాళ్లను బయటికి లాగకు, ఖాతా పోతుంది. బెంగళూరులోనే పని వెతుకు. మీ మారతహళ్లిలో కొత్త మెస్సులు, కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు తెరుస్తూనే ఉంటారు, మనవాళ్లే ఎక్కువ. వెళ్లేముందు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకో, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకు. అది ఉంటే ఇక్కడి కస్టమరు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎమ్ఎస్ఎమ్ఈ చట్టం చెబుతోంది. బిల్లు కింద ఆ ఒక్క వాక్యం రాయి. నేను రాయడం మొదలుపెట్టాక బిల్లులు త్వరగా తేలుతున్నాయి.

ఇంట్లోవాళ్లకు పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించు. పీజీ అద్దె, తిండి పోగా డబ్బు మిగిలిన నెలలు ఎనిమిదికి తక్కువైతే ఉద్యోగంలో చేరు, సాయంత్రాలు ఇది చేసుకో. ఎక్కువైతే ఈ పనిలోనే ఉండు, నేను చెప్పానని మీ నాన్నగారికి చెప్పు.

ప్రశ్న: ఆధార్‌లో నా పేరు ముందు 'డి' అన్న పొడి అక్షరమే ఉంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరు కాదని సైట్ నా డబ్బు ఆపేసింది. ఏం చేయను?
— బీటీఎం లేఅవుట్ నుంచి ఒక తమ్ముడు

జవాబు: మన తెలుగువాళ్లందరికీ ఉన్న తిప్పలే ఇది తమ్ముడూ. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి ఇంటిపేరు విప్పి రాస్తాం, ఆధార్‌లో అలాగే వదిలేస్తాం. పాన్‌లో ఉన్నట్టే ఆధార్ మార్పించు. పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఇస్తారు కనుక స్పెల్లింగ్ ఒక్కో అక్షరం సరిచూసుకో. తర్వాత బ్యాంకు ఖాతాలోనూ అదే పేరు పెట్టించు. మూడూ ఒకటయ్యాకే సైట్‌కు పంపు. ఈలోగా కొత్త ఖాతా మాత్రం తెరవకు. ఒకే మనిషికి రెండు ఖాతాలు కనిపిస్తే రెండూ మూసేయవచ్చు, ఆగిన డబ్బు ఇంకా చిక్కుల్లో పడుతుంది.