గేర్ ఏడీ చేతికొస్తే ముందు కారణం చదువు

అమ్మడూ,

నీకు లైసెన్స్‌తో పాటు కంపెనీ ఆథరైజేషన్ కూడా వచ్చిందనీ, వచ్చే నెల నుంచి దేవనహళ్ళి హ్యాంగర్లో ల్యాండింగ్ గేర్ (విమానం నేల మీద నిలబడే చక్రాల కాళ్ళు) తనిఖీల మీద నీ సంతకమే ఉంటుందనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. ఫోన్లో అయితే నాలుగు మాటలయ్యేసరికి నువ్వు డ్యూటీకి పరిగెత్తాలి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దాచుకుని రెండుసార్లు చదువుకో.

ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్కటే. ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్, అంటే ఒక రకం విమానాల్లో ప్రమాదకరమైన లోపం బయటపడితే ప్రభుత్వ విమాన భద్రతా సంస్థ ఇచ్చే ఆదేశం, మనం ఏడీ అనేది, చేతికి రాగానే పని ఎలా చేయాలన్న పేజీకి వెళ్ళకు. ఎందుకు చేయమన్నారో ముందు చదువు. ప్రతి ఏడీలోనూ ‘అన్‌సేఫ్ కండిషన్’ గురించి ఒక పేరా ఉంటుంది. మనవాళ్ళు చాలామంది దాన్ని దాటేసి, ఏ విమానాలకి వర్తిస్తుందో చూసి, గడువు చూసి, చేయాల్సిన పని వరసగా రాసి ఉండే టాస్క్ కార్డు అందుకుంటారు. ఎక్కడ ఏది విరిగింది, విరిగితే ఏమవుతుంది అన్నది ఆ పేరాలోనే ఉంటుంది. అది తెలియకుండా గేర్ కిందికి దూరితే టార్చి అంతటా తిరుగుతుంది గానీ కళ్ళు దేన్నీ వెతకవు.

సర్వీస్ బులెటిన్‌కీ ఏడీకీ తేడా నీకు పరీక్షల్లోనే వచ్చి ఉంటుంది. బులెటిన్ తయారీదారు ఇచ్చే సలహా. అదే విషయం మీద అమెరికా ఎఫ్ఏఏనో, యూరప్ ఈఏఎస్ఏనో, ట్రాన్స్‌పోర్ట్ కెనడానో ఏడీ ఇచ్చాక మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర అది తప్పనిసరి. గడువు దాటితే ఆ విమానం ఎగరడానికి వీల్లేదు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియాల్సింది ఆ కాగితం వెనక ఉన్న కథ.

టైర్లలో నైట్రోజన్ సంగతే తీసుకో. 1986 మార్చి 31న మెక్సికో సిటీ నుంచి బయల్దేరిన ఒక బోయింగ్ 727 కొండల్లో కూలిపోయింది. అందులో ఉన్న 167 మందీ చనిపోయారు. ఒక మెయిన్ వీల్ బ్రేకు సరిగ్గా వదలక రాసుకుంటూ బాగా వేడెక్కింది. ఆ టైరులో నైట్రోజన్ లేదు, మామూలు గాలి ఉంది. వేడికి లోపలి రబ్బరు విడిచిన ఆవిర్లకి గాలిలోని ఆక్సిజన్ తోడై, చక్రాలు లోపలికి ముడుచుకున్నాక టైరు పేలింది. పక్కనే పోయే ఇంధనం, హైడ్రాలిక్ పైపులు తెగి మంటలు లేచాయి. ఆ తర్వాత ఏడాది ఎఫ్ఏఏ ఏడీ 87-08-09 ఇచ్చింది. బ్రేకులున్న చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం దాటకూడదంది. ఈ కథ తెలిసినవాళ్ళెవరూ రాత్రి రెండింటికి నైట్రోజన్ బండి రాలేదని కంప్రెసర్ గొట్టం అందుకోరు. తెలియనివాడికి నైట్రోజన్ కూడా ఒక గాలే, అది ఎందుకో పట్టదు.

1991 జూలై 11న జెడ్డాలో జరిగింది ఇంకా బాధ కలిగించే విషయం. హజ్ యాత్ర ముగించుకుని నైజీరియాకి తిరిగి వెళ్తున్నవాళ్ళతో ఒక డీసీ-8 బయల్దేరింది. దాని టైర్లలో ఒత్తిడి తక్కువుందని మెకానిక్‌కి తెలుసు. నింపడానికి నైట్రోజన్ దగ్గర్లో లేదు, విమానం అప్పటికే ఆలస్యం. అలాగే పోనిచ్చారు. ఒత్తిడి తగ్గిన టైరు మోయాల్సిన బరువు పక్క టైరు మీద పడి టేకాఫ్ పరుగులోనే రెండూ పోయాయి. రాపిడికి నిప్పంటుకుంది. ఆ నిప్పుతోనే గేర్ లోపలికి ముడుచుకుంది. 261 మంది పోయారు. టైరు ఒత్తిడి చూడడం హ్యాంగర్లో కొత్త కుర్రాళ్ళకి అప్పజెప్పే పని. నువ్వు మాత్రం దాన్ని ఎవరికిచ్చినా గేజీ దగ్గర నిలబడు. బెంగళూరు రన్‌వే సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. పల్చటి గాలి వల్ల మీటరు మీద అదే వేగం చూపించినా నేల మీద వేగం కాస్త ఎక్కువే, బ్రేకులు మింగాల్సిన వేడీ ఎక్కువే. దిగిన వెంటనే వేడి టైరుకి గేజీ పెడితే తక్కువున్న ఒత్తిడి కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది. మాన్యువల్ చెప్పినంతసేపు చల్లారనివ్వు. షిఫ్ట్ మేనేజర్ గడియారం చూపిస్తే నువ్వు మాన్యువల్ చూపించు.

ఇక గేర్ లోహం గురించి. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు మోసపోయేది ఇక్కడే. అంత లావు స్తంభాన్ని చూస్తే దానికేమవుతుందిలే అనిపిస్తుంది. చాలా విమానాల గేర్లకి వాడే 300ఎం ఉక్కు మామూలు ఇనుము కంటే ఎన్నో రెట్లు బలమైనది. కానీ అంత బలం తెప్పించినప్పుడు లోహం సాగే గుణం తగ్గిపోతుంది. రాగి చెంబు కిందపడితే సొట్టపోతుంది, పింగాణీ కప్పు పగులుతుంది. గేర్ ఉక్కు స్వభావం రెండోదానికి దగ్గర. వంగి మనకి ముందుగా చెప్పదు. చిన్న తుప్పు గుంట చాలు, దాని అడుగున పగులు పుడుతుంది, ప్రతి ల్యాండింగ్‌కీ కాస్త కాస్త పెరుగుతుంది. అది ఇంత పెద్దదయ్యేదాకా ఆగుతుందిలే అనుకోవడానికి లేదు, మిల్లీమీటర్ల లెక్కలోనే విరిగే స్థితికి రావచ్చు.

అందుకే పైన కాడ్మియం పూత, దాని మీద ప్రైమరు, పెయింటు. ఆ పూత గీరుకుపోయిన చోటే నువ్వు వెతకాల్సిన చోటు. మీనంబాక్కంలో రాత్రిళ్ళు నిలిచే విమానాలకి సముద్రపు ఉప్పుగాలి తగులుతుంది. నువ్వు చెన్నైలో ట్రైనింగ్ చేశావు కాబట్టి ఆ గాలికి కిటికీ ఊచలు ఎలా అవుతాయో చూసే ఉంటావు. బెంగళూరులో గాలి పొడిగా ఉంటుంది కదా అని నిశ్చింతగా ఉండకు. ఇక్కడికొచ్చే విమానం నిన్న రాత్రి ఎక్కడ నిద్రపోయిందో చూడు. అనుమానం వచ్చినచోట స్క్రాపర్‌తో గీకి చూడాలనిపిస్తుంది. గీకకు. పూత పోతుంది, పైగా కాడ్మియం ధూళి ఊపిరితిత్తులకి విషం. మాన్యువల్లో లేని రసాయనంతో తుడవకు. దాన్నుంచి హైడ్రోజన్ పుట్టి ఈ ఉక్కులోకి దూరితే లోపల్లోపలే పెళుసు చేస్తుంది. ఓవర్‌హాల్ షాపులో పూత వేశాక భాగాన్ని గంటల తరబడి ఓవెన్‌లో ఉంచేది ఆ హైడ్రోజన్‌ని వెళ్ళగొట్టడానికే. నీళ్ళ జెట్ కూడా బేరింగుల దగ్గరకి తేవద్దని హెల్పర్లకి చెప్పు. పైకి శుభ్రంగా కనిపిస్తుంది గానీ లోపలి గ్రీజు కొట్టుకుపోయి ఆ చోటులో నీరు చేరుతుంది.

ఏడీలో ‘డీటెయిల్డ్’ అని ఉంటే నడుచుకుంటూ చూసే చూపు చాలదు. మురికి తుడవాలి, మంచి వెలుతురు, అద్దం, పది రెట్ల భూతద్దం కావాలి, అందేలా స్టాండు వేయించుకోవాలి. ‘స్పెషల్ డీటెయిల్డ్’ అంటే ఎడీ కరెంటో, అల్ట్రాసోనిక్కో, మాగ్నటిక్ పార్టికలో ఉంటుంది. అది చేసేది ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా లోపలి పగుళ్ళు పట్టే పరీక్ష) మనిషే, నువ్వు కాదు. అయినా పక్కనే ఉండు. అతను ప్రోబ్‌ని ముందు క్యాలిబ్రేషన్ బ్లాకు మీద పెట్టి చూశాడా, ఏ వైపు నుంచి ఏ వైపుకి స్కాన్ చేశాడు, నీ కళ్ళతో చూడు. పేరు గొప్ప పరికరం కదా అని దూరంగా టీ తాగుతూ రిజల్ట్ అడగొద్దు.

కంటికి కనిపించని చోటే చెడ్డది ఉంటుందని 2007లో డాష్-8 క్యూ400 విషయంలో అందరికీ తెలిసొచ్చింది. మన రాజమండ్రి లాంటి ఊళ్ళకి కూడా తిరిగిన విమానమే అది. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌కి ఆ సెప్టెంబర్ 9న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో, 12న లిథువేనియాలోని విల్నియస్‌లో, మూడు రోజుల తేడాతో, దిగేటప్పుడు కుడి మెయిన్ గేర్ (రెక్క కిందుండే పెద్ద గేర్) కూలిపోయింది. గేర్‌ని పైకి కిందికి నడిపే యాక్చుయేటర్లో, పిస్టన్ రాడ్ చివరి భాగం బిగించే మరలకి తుప్పు పట్టింది. మర లోపల ఉంటుంది, బయట నుంచి చూస్తే అంతా మెరుస్తూనే ఉంటుంది. కెనడా అధికారులు వెంటనే తనిఖీలకి ఆదేశమిచ్చారు. అది చదివినవాడు రాడ్ బయట చూసి సరేననడు, మర విప్పి చూస్తాడు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. అక్టోబర్ 27న కోపెన్‌హేగెన్‌లో అదే కంపెనీకి అదే రకం విమానం మళ్ళీ కుడి మెయిన్ గేర్ తెరుచుకోకుండానే దిగాల్సి వచ్చింది. ఈసారి తుప్పు కాదు. హైడ్రాలిక్ ఆయిలు వేగాన్ని అదుపు చేసే రెస్ట్రిక్టర్ వాల్వ్ రంధ్రానికి, చోటు తప్పిన ఓ-రింగ్ (ఆయిలు కారకుండా వేసే రబ్బరు రింగు) ఒకటి అడ్డం పడింది. మూడింట్లోనూ ప్రాణాలు పోలేదు, కానీ ఆ కంపెనీ ఆ విమానాల్నే వదిలేసుకుంది. నువ్వు ఏ హైడ్రాలిక్ లైను విప్పినా విప్పిన క్షణమే మూత పెట్టు. తీసిన పాత ఓ-రింగులు ఒక ట్రేలో వేసి లెక్కపెట్టు, కొత్తవి వేసినన్నీ పాతవి బయట ఉండాలి. తనిఖీ కోసం విప్పిన చెయ్యే కొత్త రోగం పెట్టగలదు. స్ట్రట్‌లో, అంటే గేర్ స్తంభంలో పోసే ఎర్ర ఆయిలు, హైడ్రాలిక్ సిస్టమ్‌లో పోసే ఊదారంగు స్కైడ్రాల్ ద్రవం కలవకుండా డబ్బాలు వేర్వేరు బండ్ల మీద పెట్టించు. ఒకదాని సీళ్ళు రెండోదానికి తట్టుకోవు.

నేల మీదున్నప్పుడు గేర్ ముడుచుకోకుండా అడ్డం పెట్టే లాక్ పిన్నుల గురించి ప్రత్యేకంగా రాయాలి. 2021 జూన్ 18న లండన్ హీత్రోలో, స్టాండ్ మీద సరుకు ఎక్కిస్తున్న బోయింగ్ 787-8 ముక్కు నేలకి ఆనింది. ఒక ఫాల్ట్ మెసేజ్ తీసేయడానికి, గేర్లకి పిన్నులు పెట్టి, కాక్‌పిట్‌లో గేర్ లివర్ పైకి తిప్పారు. ముక్కు కిందుండే నోస్ గేర్ పిన్ను పెట్టాల్సిన రంధ్రంలో కాకుండా దాని పక్కనే ఉన్న మరో రంధ్రంలో ఉంది. పిన్ను చోటు తెలిసిన మెకానిక్‌కి ఎత్తు అందలేదు. కింద నుంచి చూపించాడు, మెట్ల మీదున్న రెండో మనిషి పెట్టాడు. ఆ తప్పు రంధ్రాన్ని మూసేయమని అప్పటికే ఏడీ ఉంది. గడువు 36 నెలలు. ఆ విమానానికి గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి పని చేయలేదు. కాగితం ప్రకారం ఏ తప్పూ లేదు.

ఇందులో నీకు రెండు సంగతులున్నాయి. ఏడీ గడువు చివరి తేదీ మాత్రమే, ఆ తేదీ దాకా ఆగమని ఎవరూ చెప్పలేదు. ప్లానింగ్ వాళ్ళు అన్నిటినీ పెద్ద చెక్‌కి తోసేస్తారు, వాళ్ళ లెక్కలు వాళ్ళవి. కానీ కారణం చదివిన నువ్వు ఇది ముందే చేయదగ్గదని అనిపిస్తే మెయిల్ రాయి, నోటిమాటతో వదిలేయకు. రెండోది, మీ హ్యాంగర్లో ఒకడు హిందూపురం వాడు, ఒకడు తుమకూరు వాడు, ఒకడు వేలూరు వాడు. తెలుగూ కన్నడమూ తమిళమూ కలిపి పని బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ స్నేహం నాకూ ఇష్టమే. కానీ ‘అదిగో ఆ పైన’, ‘ఆ పక్కది’ అని వేలితో చూపించి గేర్ పని చేయించొద్దు. నీకు అందకపోతే స్టాండు తెప్పించుకుని ఎక్కి, పిన్ను నీ చేత్తో తాకు. ఆ తర్వాతే కాక్‌పిట్ వైపు బొటనవేలు ఎత్తు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను, నువ్వు నాకంటే కంప్యూటర్లో చురుకు. గేర్ విమానంతో పాటు పుట్టి విమానంతో పాటు ఉండేది కాదు. ఏ320కి గానీ 737కి గానీ దాదాపు పదేళ్ళకోసారి గేర్ విప్పి ఓవర్‌హాల్‌కి పంపుతారు, చాలాసార్లు వేరే విమానం నుంచి వచ్చిన గేర్ బిగిస్తారు. కాబట్టి ఫలానా విమానానికి ఆ ఏడీ అయిపోయిందన్న మాటని నమ్మకు. ఏడీ పట్టుకునేది పార్ట్ నంబరునీ సీరియల్ నంబరునీ. కంప్యూటర్లో ఉన్న నంబరూ, గేర్ మీద రేకు ప్లేటు నంబరూ ఒకటేనా? అద్దం పెట్టి చదువు. ప్లేటు మీద పెయింటు పడి అక్షరాలు కనిపించకపోతే ఉన్నట్టు రాయకు, ప్రశ్న లేవనెత్తు. ఆయుష్షు లెక్కపెట్టే భాగాలకి ఎన్ని ల్యాండింగులు అయ్యాయో మొదటి రోజు నుంచి లెక్క ఉండాలి. మధ్యలో ఒక కంపెనీ దగ్గర తెగిపోయిన లెక్క ఉంటే ఆ భాగం ఎంత కొత్తగా కనిపించినా దాని వయసు తెలియనట్టే.

హార్డ్ ల్యాండింగ్ రిపోర్టు, అంటే విమానం గట్టిగా నేలకి తగిలిందని, వచ్చినప్పుడు పైలట్ ‘పెద్దగా ఏం లేదండీ’ అంటే మర్యాదగా విని, రికార్డర్ డేటా తెప్పించుకో. ఆయన అబద్ధం చెప్పడు, కానీ ఆయనకి తెలిసింది తన సీటుకి తగిలిన దెబ్బ మాత్రమే.

తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య కళ్ళు చూస్తూనే ఉంటాయి, మనసు నిద్రపోతుంది. ఏడీ తనిఖీని వీలైనంతవరకు ఆ వేళకి పెట్టించుకోకు. పెట్టక తప్పకపోతే ఒక భాగం అయ్యాక లేచి ముఖం కడుక్కుని రా. షిఫ్ట్ మారేసరికి పని సగంలో ఉంటే ‘దాదాపు అయిపోయింది’ అని చెప్పి వెళ్ళిపోవద్దు. ఏ బోల్టు దగ్గర ఆగావో, ఏది చూశావో, ఏది చూడలేదో రాసి, వచ్చినవాళ్ళని గేర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించు. పొద్దున ఆరింటికి ఫ్లైట్ ఉంది, ప్రయాణికులు బోర్డింగ్ దగ్గర నిలబడ్డారని ఎవరైనా నీ మీదకి వస్తే గొంతు పెంచకు. ఏ స్టెప్ మిగిలిందో కార్డు మీద చూపించు, సంతకం పెట్టకు. నువ్వు కొత్త పిల్లవని, ఆడపిల్లవని ఒత్తిడి ఎక్కువే పెట్టొచ్చు. చట్టం ఆ సంతకం హక్కు నీకిచ్చింది, వాళ్ళకి కాదు. అవసరమైతే అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

నా పాత పది రెట్ల భూతద్దం, మెడ వంగే అద్దం తుడిచి పెట్టాను. వచ్చే ఆదివారం యలహంక నుంచి విమానపురకి వచ్చేయ్, అత్తయ్య రాగి సంకటి చేస్తానంది. వచ్చేటప్పుడు మొదటి వారంలో నీకు ఇచ్చిన ఏడీల నంబర్లు రాసుకురా. అవి అందరికీ తెరిచి ఉన్న కాగితాలే కాబట్టి ఇక్కడే తీసి, ఒక్కోదాని కారణం పేరా ఇద్దరం కలిసి చదువుదాం. టాస్క్ కార్డులు మాత్రం హ్యాంగర్ దాటించకు.

ఇట్లు,
నీ మామయ్య
విమానపుర, బెంగళూరు