తీగ కట్టినా రొద తగ్గడం లేదా?

ప్రశ్న: రాయగడలో ఉంటాను. షార్ట్‌వేవ్ రేడియో వినడానికి డాబా మీద 20 మీటర్ల తీగ కట్టి, పాత కంప్యూటర్ పవర్ సప్లైలోని పసుపు రింగుపై, తీగను రేడియో కేబుల్‌కు జతపరిచే 9:1 ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాను. స్టేషన్ల కంటే రొదే ఎక్కువగా వస్తోంది. చుట్లు పెంచాలా?

జవాబు: పెంచవద్దు, ముందు ఆ రింగును మార్చండి. పర్లాకిమిడి నుంచీ సిరొంచ నుంచీ కూడా ఇదే ఫిర్యాదు వస్తోంది. ఒక అంచు తెల్లగా ఉండే ఆ పసుపు రింగు పవర్ సప్లైలో రిపుల్‌ను (డీసీలో మిగిలే ఒడిదుడుకులను) అణచడానికి ఇనుప పొడితో చేసినది. షార్ట్‌వేవ్‌లో అది సిగ్నల్‌ను మింగేస్తుంది. 73 రకం ఫెరైట్‌తో (ఇనుప ఆక్సైడ్ ఉన్న పింగాణీ వంటి పదార్థంతో) చేసిన రెండు రంధ్రాల కోర్ (బీఎన్-73-202) తెప్పించుకొని, ఎనామెల్ తీగతో కేబుల్ వైపు 2, యాంటెనా వైపు 6 చుట్లు వేయండి. తీగ ఒక రంధ్రంలోంచి వెళ్లి రెండోదాంట్లోంచి తిరిగి వస్తేనే ఒక చుట్టు. చుట్ల నిష్పత్తి 3 కాబట్టి ఇంపిడెన్స్ (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) నిష్పత్తి దాని వర్గం, 9 అవుతుంది, అంటే యాంటెనా వైపు 450 ఓమ్‌లు కేబుల్ వైపు 50 ఓమ్‌లుగా కనిపిస్తాయి.

ఆ 450 కూడా ఒక రాజీ అంకె మాత్రమే. తీగ ఇంపిడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి పదుల ఓమ్‌ల నుంచి వేల ఓమ్‌ల దాకా మారుతుంది. పైగా షార్ట్‌వేవ్‌లో బయటి రొద రేడియో సొంత రొదను మించి ఉంటుంది గనుక, మ్యాచింగ్ (తీగ, కేబుల్ ఇంపిడెన్స్‌ల పొంతన) మెరుగుపడితే సిగ్నల్‌తో పాటు రొద కూడా పెరుగుతుంది. అసలు మేలు చేసేది రెండు వైండింగ్‌లను (కేబుల్ వైపు, యాంటెనా వైపు చుట్లను) కలపకుండా విడిగా ఉంచడం. యాంటెనా వైండింగ్ రెండో కొసను ఇంటికి దూరంగా పాతిన ఎర్త్ రాడ్‌కు కలిపి, కేబుల్ పైపొరను (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికను) దానికి తగలనీయకుండా ఉంచితే, ఇంట్లోని రొద ఆ పైపొర వెంట తీగలోకి ఎక్కడం తగ్గుతుంది. ఫిల్టర్ భాగాలు ఎగ్గొట్టి చవకగా అమ్మే ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బులు ఈ రొదకు మూలం. వాటి తయారీదారుల నిర్లక్ష్యానికి మనం రాగి తీగతో పరిహారం చెల్లిస్తున్నాం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పిడుగు. ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుములు తరచుగా వచ్చే మీ ప్రాంతంలో చాలామంది ఎర్త్ రాడ్ బదులు గోడ ప్లగ్గులోని మూడో పిన్నును వాడుతున్నారు. అది రొదను తెస్తుంది, వైరింగ్ లోపం ఉంటే షాక్‌నూ తెస్తుంది. తీగకూ రాడ్‌కూ మధ్య గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (వోల్టేజీ మితిమీరితే దాన్ని నేలకు మళ్లించే చిన్న గొట్టం) పెట్టండి. అయినా అది దగ్గర్లో పడ్డ పిడుగు వల్ల పుట్టే వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప, తీగ మీదే పడే పిడుగును ఆపలేదు. అందుకే మబ్బు పట్టకముందే కేబుల్‌ను ఊడదీసి ఇంటి బయటే వదిలేయండి, ఉరుము వినిపించాక దాన్ని ముట్టుకోవద్దు.