మీ ఉత్తరాలు, మా మాట: ‘నాకేం అనిపించడం లేదు మమ్మీ’

ప్రశ్న: మాది కాజీపేట. మావారు రైల్వేలో చేస్తారు. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగు. రాత్రి అన్నాల ముందు అందరం మరియమాత జపమాల చెప్పుకోవడం మా అత్తమ్మ కాలం నుంచీ ఉన్న అలవాటు. మూడు నెలలుగా బాబు కూర్చోవడం లేదు. గట్టిగా అడిగితే ‘నాకేం అనిపించడం లేదు మమ్మీ, ఊరికే నోరు కదిలిస్తున్నా’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా విచారణలోని, అంటే మా చర్చి పరిధిలోని సిస్టర్ గారు, నెలకోసారి నలుగురూ కలిసి వచ్చి కూర్చోండి, ఇంటిల్లిపాదికీ ఆధ్యాత్మిక మార్గదర్శనం ఉంటుంది అన్నారు. మావారేమో ఇంటి సంగతులు బయటెందుకు, వాడికేమైందని కౌన్సెలింగ్ అంటున్నారు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి చెల్లె. కానీ బాబును దారిలో పెట్టించడానికైతే వద్దు, ఆ సంగతి వాడు మొదటి రోజే పసిగడతాడు, ఇక నోరు విప్పడు. నోరు కదిలిస్తూ కూర్చుని ఉంటే మీకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా, అయినా ఉన్నది ఉన్నట్టు మీకే చెప్పాడు. విశ్వాసం పోయిన పిల్లాడు ఇంత బాధపడి చెప్పడని నా నమ్మకం.

మీవారి అనుమానానికి జవాబు. ఇది కౌన్సెలింగ్ కాదు, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం కూడా కాదు. పాపక్షమాపణ ఇచ్చేది గురువు (ఫాదర్) మాత్రమే, మార్గదర్శనం సిస్టర్ గారైనా, శిక్షణ పొందిన గృహస్థులైనా చేయొచ్చు. అక్కడ ప్రధానంగా అడిగేది ఒక్కటే: ఈ నెలలో దేవుడు మీకు ఎక్కడ దగ్గరగా అనిపించాడు, ఎక్కడ దూరమయ్యాడు? నలుగురూ చెప్పాలి, మీవారు కూడా. రాత్రి డ్యూటీ దిగొచ్చాక ఆదివారం పూజకు కాళ్లు కదలని రోజులు ఆయనకూ ఉండే ఉంటాయి, ఆ మాట ఆయన నోటి నుంచి ఒక్కసారి వింటే చాలు, తనకొక్కడికే ఇలా ఉందన్న టెన్షన్ బాబుకు సగం తగ్గుతుంది.

బైబిల్లోని సమూవేలు కథ మీ ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది. రాత్రి దేవుడు పిలిస్తే, ముసలి యాజకుడు ఏలీ పిలిచాడనుకుని పిల్లాడు మూడుసార్లు లేచి పరుగెత్తుతాడు. మూడోసారికి గానీ ఏలీకి అర్థం కాదు. అప్పుడైనా ‘దేవుడు నీతో ఇది చెబుతాడు’ అనలేదు, మళ్లీ పిలుపు వస్తే ఏమని పలకాలో మాత్రం నేర్పి పంపాడు. తెల్లారాక చూస్తే ఆ కబురు ఏలీ ఇంటికే వ్యతిరేకం, అయినా దాచకుండా చెప్పమన్నాడు. మార్గదర్శి పనీ అదే, తల్లిదండ్రుల పనీ అదే. యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇగ్నేషియస్ రాసిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథానికి 1548లో పోపు గారి ఆమోదం వచ్చింది. సాధన చేయించేవాడు ఎటూ ఒరగకుండా త్రాసు ముల్లులా మధ్యలో నిలబడాలని, సృష్టికర్తనూ ఆ మనిషినీ నేరుగా కలుసుకోనివ్వాలని ఆయన అందులో మొదటే రాశారు. తల్లిగా ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. మా పెద్దమ్మాయి ఇంటర్‌లో ఏడాది పాటు గుడికి రాలేదు, నేను ప్రతి ఆదివారం దెప్పాను. తర్వాత తనంతట తానే వచ్చింది గానీ ఆ దెప్పుళ్లు మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

వెళ్లే ముందు సిస్టర్ గారితో కొన్ని మాట్లాడుకోండి. బాబు కాసేపు విడిగా మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి, ఇంటికొచ్చే దారిలో ఏం చెప్పావని అడగొద్దు. కానీ ఆ గది తలుపు తీసే ఉండాలి, బయటి నుంచి మనుషులు కనబడాలి. ఎంత మంచివారైనా, ఎవరైనా సరే దీనికి ఒప్పుకోకపోతే మార్గదర్శిని మార్చండి, మొహమాటం వద్దు. పాప పెద్దవాళ్ల మాటల మధ్య ఎక్కువసేపు కూర్చోలేదు, బొమ్మ గీసి చూపించినా అది తన జవాబే.

నెలలో మిగతా రోజులన్నీ గడిచేది ఇంట్లోనే కదా. ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మశోధనను పడుకునే ముందు పది నిమిషాలు చేయండి: రోజుకు కృతజ్ఞత చెప్పడం, రోజంతా ఒకసారి తిరిగి చూసుకోవడం, తప్పుకు క్షమాపణ, రేపటికి సహాయం అడగడం. మొదట మీరే చెప్పండి, ‘పొద్దున బాక్సు సర్దే హడావుడిలో నీమీద అనవసరంగా అరిచాను’ అని. బాబు ఏమీ చెప్పకపోతే ఊరుకోండి. జపమాల మాత్రం మానొద్దు, వాడు ఒక్క రహస్యానికే, అంటే జపమాలలో ఒక్క భాగానికే కూర్చున్నా, కొవ్వొత్తి వెలిగించి పక్కన ఊరికే ఉన్నా సరే, పెదవులు కదులుతున్నాయా లేదా అని చూడకండి. 2016లో పోపు ఫ్రాన్సిస్ కుటుంబ ప్రేమ గురించి రాసిన ఉపదేశం ఏడో అధ్యాయంలో, పిల్లల్ని క్షణక్షణం కనిపెట్టుకుని ఉండటం పెంపకం కాదని చెప్పారు.

ప్రశ్న: జనగామ నుంచి. ఐదేళ్ల మనవరాలు జపమాల మధ్యలోనే నా ఒళ్లో నిద్రపోతుంది. లేపాలా?

జవాబు: లేపకండి అమ్మా. ఆ పిల్లకు జపమాలలో మళ్లీ మళ్లీ చెప్పే మంగళవార్త జపం మీ గొంతులోనే గుర్తుండిపోతుంది. మెలకువగా ఉన్నప్పుడు మొదటి రహస్యం తనతో చెప్పించండి, మిగిలిన నాలుగూ మీరు పూర్తి చేసుకోండి.