గోట్స్ ఫాన్ బెర్లిషింగెన్: పేరా, తిట్టా?

ఇంగ్లిష్ నవల్లో ఒకడు "వాడికి గోట్స్ ఫాన్ బెర్లిషింగెన్ జవాబిచ్చాను" అన్నాడు, అర్థమేంటని అడిగారు కదా. బూతును నోటితో అనకుండా అనడమండీ అది.

గోట్స్ నిజంగా ఉన్న జర్మన్ నైట్, అంటే గుర్రపు యోధుడు. 1504లో లాండ్స్‌హుట్ యుద్ధంలో కుడిచెయ్యి పోతే ఇనుప చెయ్యి పెట్టించుకున్నాడు. 1562 దాకా బతికాడు, గట్టి పిండమే! జర్మన్ రచయిత గోథే 1773లో ఆయన మీద నాటకం రాశాడు. అందులో, కోటను ముట్టడించినవాళ్లు లొంగిపొమ్మంటే, మీ కెప్టెన్‌ని నా పిర్ర నాకమను అని అరిచి కిటికీ ధడేల్న మూస్తాడు. తర్వాతి అచ్చుల్లో ఆ మాటల్ని దాచేశారు. జర్మన్లకు పేరు చెప్తే చాలు, మిగతాది తెలిసిపోతుంది.

ఇంగ్లిష్‌లో ఈ వాడుక అరుదు, అందుకే డిక్షనరీలో దొరికుండదు. మీ వాక్యానికి "పోరా పో" అని, ఇంకాస్త మొరటుగా అనుకోండి. ఆఫీసు మెయిల్లో మాత్రం వద్దు.